చిత్రకవాటం మీద కురవని మబ్బు

పుష్కలదేశపు రాజధాని చిత్రకవాటాన్ని మొదటిసారి చూసినవాడు రెండింటికి ముక్కు మీద వేలు వేసుకునేవాడు. ఒకటి, ఆ నగరానికున్న ఏడు ప్రాకారాలు. అన్నిటికన్నా బయటిది ఉత్త మట్టిగోడ. దాని లోపల ఇటుక గోడ, దాని లోపల నల్లరాతి గోడ, అలా ఒకదానిలో ఒకటి ఒదిగి, ఏడోదానికి బంగారు రేకు తాపడం. ఆ రేకు మీద పురివిప్పిన నెమళ్ళు, తొండమెత్తిన ఏనుగులు, కెంపులు పొదిగిన దానిమ్మపండ్లు. ఏడో ప్రాకారం నడిమధ్యన నాణేలు పోసే టంకశాల, దాని నెత్తిన తాటిచెట్టంత ఎత్తున, బండి పట్టేంత వెడల్పైన పొగగొట్టం.

రెండోది మబ్బు. నగరం నడినెత్తిన బూడిదరంగు మబ్బు ఒకటి మూడేళ్ళుగా నిలిచి ఉంది. గాలి వీచినా కదలదు, వానాకాలం వచ్చినా ఒక్క చుక్క రాల్చదు. లోపలి మేడల వాళ్ళు దాన్ని చూసి ‘ఎంత చల్లటి నీడ!’ అని మురిసిపోయి వసారాల్లో ఊయలలు వేసుకున్నారు. బయటి వీధుల వాళ్ళు మాత్రం ఆకాశం వైపు తలెత్తేవాళ్ళు కాదు. తల ఎత్తితే కాళ్ళు తేలతాయని వాళ్ళ భయం. అది పిచ్చి భయం అనుకుంటే పొరపాటే.

మూడేళ్ళ కిందట ముసలి రాజు మంచం పట్టగానే టంకశాల తామ్రాక్షుడనే మాంత్రికుడి చేతికి పోయింది. అప్పటిదాకా రూకకు కుంచెడు బియ్యం వచ్చేవి. ఏడాది తిరిగేసరికి మానెడు వచ్చాయి. మరుసటేడు సోలెడు. ఇప్పుడు గిద్దెడు, అదీ అంగడివాడి కాళ్ళావేళ్ళా పడితే. రూక అరచేతిలో పెట్టుకుని ఊదితే ఈకలా లేచిపోయేది. అక్కడితో ఆగితే ఏదోలా ఏడ్చి బతికేవాళ్ళు. రూకలతో పాటు, రూకల కూలి మీద బతికే మనుషులూ తేలికైపోసాగారు. చాకిరేవులో చాకళ్ళు బండలకు తాళ్ళతో కట్టుకుని బట్టలు ఉతికేవారు. మోతగాళ్ళు మూట దింపగానే గోడ పట్టుకునేవారు. తిరగలి రాయి నడుముకు కట్టుకోకుండా గడప దాటినవాళ్ళను గాలి ఎత్తుకుపోయేది. గాలి ఎటు వీచినా వాళ్ళంతా చిత్రకవాటం వైపే పోయేవారు. పోయినవాళ్ళు తిరిగి రాలేదు.

కంచెలపాడు కొలగాడు కేదారుడి చెల్లెలు అలివేణి అలాగే పోయింది.

కళ్లాల్లో ధాన్యం కొలవడం కేదారుడికి తాతల నాటి వృత్తి. కొలిచిన ప్రతి రాశికీ దోసెడు గింజలు అతని కూలి. పుట్టిన దగ్గర్నుంచీ రూక ముట్టిన పాపాన పోలేదు. అందుకే ఊరంతా గాలికి ఊగుతున్నా అతని కాళ్ళు మాత్రం పాతిన గుంజల్లా నేల మీద నిలిచాయి. అలివేణి నేతపని చేసేది. ఆమె కూలి రూకల్లో వచ్చేది. అన్న తెచ్చిన గింజల మీద పడి తినడానికి మనసొప్పని మనిషి. అతను ఆమెను మగ్గం గుంజకు తాడుతో కట్టి, తిట్టి, బతిమాలి, కళ్లానికి పోయేవాడు. పది రోజుల కిందట నేసిన చీర ఆరవేయడానికి ఆమె ఒక్క క్షణం తాడు విప్పింది. కేదారుడు పరుగెత్తుకొచ్చేసరికి చెల్లెలి పాదాలు చింతచెట్టు కొమ్మల పైన ఉన్నాయి. ‘అన్నా, తలుపేసి పో, కోళ్ళు దూరతాయి!’ అని అరిచింది పిచ్చితల్లి. అదే అతను విన్న ఆఖరు మాట.

ఆ మాటే చెవుల్లో మోగుతుండగా కేదారుడు తొమ్మిది పగళ్ళు నడిచి చిత్రకవాటం చేరాడు. మట్టిగోడ పక్క గుడిసెలో రుద్రోజు అనే ముసలి అక్కసాలి అతనికి చోటిచ్చాడు. రుద్రోజు నడుముకు రెండు తిరగలి రాళ్ళు కట్టి ఉన్నాయి. టంకశాలలో నాణేల అచ్చులు చెక్కినవాడు అతనే.

పదోనాటి తెల్లవారు జామున ఇద్దరూ గంజి తాగుతుండగా ముసలివాడు అసలు సంగతి బయటపెట్టాడు.

“టంకశాల నడిమధ్యన ఏనుగు పట్టేంత కొప్పెర ఉందిరా అబ్బాయ్. దాని అడుగున తల్లి రూక ఉంది. ఆ అచ్చు చెక్కింది ఈ పాపిష్టి చేతులే. అది రోజుకు లక్ష పిల్లల్ని పెడుతుంది. పుట్టిన ప్రతి పిల్లకూ బరువు కావాలి గదా, ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ ముడుపుల్లోంచి, మీ ఒంట్లోంచి లాక్కుంటుంది.”

“మేడల వాళ్ళ ఒంట్లోంచి ఎందుకు లాగదు తాతా? వాళ్ళ దగ్గర మాకన్నా ఎక్కువ రూకలుంటాయిగా?”

“ఉంటే గదా! పుట్టిన పూటే వాళ్ళ చేతికొస్తుంది. వేడి ఆరకముందే పొలం కొనేస్తారు, ఇళ్ళు కొనేస్తారు, రవ్వలు కొనేస్తారు. ఆ పూట దానికి నిండు బరువు. ఒక్కో గోడ దాటి మీ దగ్గరికి చేరేసరికి తాలు గింజ. ఆ తాలు గింజ కోసం మీరు రోజంతా ఒళ్ళు విరుచుకుంటారు. అది మీ కొంగుముళ్ళలోనే చివరిదాకా ఉండిపోతుంది.”

కేదారుడు గంజి ముంత కింద పెట్టాడు. “మరి మా చెల్లెలు ఏమైనట్టు?”

“ఎగిరిపోయినవాళ్ళను వాడు ఎక్కడో దాచాడని అంటారు. ఎక్కడో నాకు తెలీదు. తల్లి రూకను కొప్పెరలోంచి తీస్తే వాడి మంత్రం ఆగిపోతుందని మాత్రం తెలుసు. చేత్తో ముట్టినవాడి చెయ్యి బూడిదైపోతుంది. ధర్మకుంచంతో మాత్రం తీయొచ్చు.”

ధర్మకుంచం పేరు వినగానే కేదారుడు అప్రయత్నంగా చేతులు జోడించాడు. రాజు తాత పంచలోహాలతో పోయించిన కుంచం అది. దేశంలోని కొలతలన్నీ దాన్ని చూసి చేసినవే. ద్వీపాంతర వర్తకులు ఆ కుంచంతో కొలిస్తే తప్ప ఏ సరుకూ పుచ్చుకోరు. అందుకే తామ్రాక్షుడు దాన్ని కరిగించకుండా టంకశాలలో గొలుసులు వేసి ఉంచాడు.

ద్వీపాల వర్తకుడి వేషంలో పోయి, రూకలు కొలుచుకునే మిషతో ఆ కుంచం చేతికి తెచ్చుకోవడమే రుద్రోజు పన్నిన ఉపాయం. ఎండబెట్టిన చేప కళ్ళకు మెరుగుపెట్టి పెట్టెడు ముత్యాలు ముందే తయారు చేసి ఉంచాడు. కేదారుడికి పట్టు అంగీ తొడిగి, మీసాలకు రంగు వేసి, చెవులకు మకర కుండలాలు పెట్టి, మౌక్తికద్వీపపు వర్తకుడు మకరదత్తుణ్ణి చేశాడు. ఒంటికి కస్తూరి పూశాడు.

“అన్నీ సరే గానీ, నీ నోటితోనే నాకు భయం. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఏమంటావు?”

కేదారుడు నవ్వాడు. పుష్కలదేశంలో కొలగాడు మొదటి కుంచాన్ని ఒకటి అనడు. ‘లాభం’ అంటాడు. ఆ కుంచం ఆసామిది కాదు, రాజుది కాదు. కళ్లం చుట్టూ చెంగు పట్టుకుని నిలబడిన లేనివాళ్ళది. అది వాళ్ళ ఒడిలో పోశాకే ‘రెండు’ అని లెక్క సాగుతుంది.

“నవ్వకు. ద్వీపాల వాళ్ళకు ఆ ఆచారం లేదు. వాళ్ళు ఒకటి అంటారు. ఏదీ, అను.”

“ఒకటి.”

“ఇంకోసారి.”

“ఒకటి తాతా, ఒకటి, ఒకటి! చాలా?”

ముసలివాడి ముఖంలో మాత్రం నమ్మకం కనబడలేదు.

పొద్దు బారెడెక్కేసరికి మకరదత్తుడు బాడుగ పల్లకిలో మొదటి ద్వారం దాటాడు. ద్వారం పక్కన తమలపాకులు అమ్ముతున్నారు. నిజమైన వర్తకుడు ధర అడగకుండా ఉండడు గదా అని కేదారుడు అడిగాడు. కట్ట నలభై రూకలు. రెండో ద్వారం దగ్గర ముప్ఫై. మూడో ద్వారం దగ్గర ఇరవై. అవే ఆకులు, ఆ తోటవే. లోపలికి పోయేకొద్దీ రూకకు ప్రాణం లేచి వస్తోంది. లోపలి సరుకు బయటికి పోకూడదని శాసనం, బయటి వీధుల వాళ్ళు లోపలికి రాకూడదని మరో శాసనం. శాసనాలు రాసినవాళ్ళకు ఆకులు చవకగానే దొరుకుతున్నాయి కాబట్టి వాటిలో తప్పేమీ కనబడలేదు.

మూడో ద్వారం దగ్గర నిలువెత్తు త్రాసు ఉంది. లోపలికి పోయే ప్రతివాణ్ణీ తూచి, తేలినవాణ్ణి బయటికి నెట్టేస్తారు. కేదారుడు తట్టలో కూర్చోగానే అది ధబ్బున నేలకు ఆనింది. కాపలావాడు కళ్ళు తేలేశాడు.

“ఏం తింటారు దొరా తమరు? బయటినుంచి వచ్చినోళ్ళలో ఇంత బరువు మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు!”

“సముద్రపు గాలి. పీల్చి చూడు, నీకే తెలుస్తుంది.”

నాలుగో వీధిలో పల్లకి ఆగిపోయింది. అడ్డంగా జనం. పట్టు ఉత్తరీయాల వాళ్ళు, రవ్వల దిద్దుల వాళ్ళు ఒక దండోరావాడి చుట్టూ మూగి ఉన్నారు. డప్పు మోగింది.

“మనుషులు లేని ఇళ్ళు! మనుషులు లేని ఇళ్ళు! పడమటి పల్లెల్లో మూడు వందలు! ఇంటికి పది కొత్త రూకలు! కంచెలపాడులో నేతపనివాళ్ళ ఇల్లు, మగ్గంతో సహా, పెరట్లో చింతచెట్టుతో సహా! కోళ్ళు ఉచితం!”

“నాది!” అని ఒకావిడ బద్ధకంగా వేలెత్తింది. ఆమె చేతిలో రూకలు అప్పుడే పోసినవి, ఇంకా ఆవిరి కక్కుతున్నాయి.

కేదారుడు పల్లకి పట్టెను చేతులు నొప్పిపుట్టేలా పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పదేళ్ళు చేతులు కాయలు కాచేలా నేసి అలివేణి కట్టుకున్న ఇల్లు అది. ఒక పూట తమలపాకుల ఖర్చుకు పోయింది.

ఐదో ద్వారం దగ్గర రాగి కుక్కలున్నాయి. తామ్రాక్షుడు రాగి కరిగించి పోసి ప్రాణం పెట్టిన కుక్కలు. గింజలు కూలిగా తీసుకునేవాళ్ళంటే వాటికి గిట్టదు, ఆమడ దూరం నుంచి వాసన పట్టేస్తాయి. రెండు కుక్కలు పల్లకి చుట్టూ తిరిగి, కస్తూరి వాసనకు తుమ్మి, వెళ్ళబోయాయి. అంతలో ఒకటి ఆగి కేదారుడి నడుము వైపు మూతి చాచి గుర్రుమంది. నడుము దట్టీలో గుప్పెడు వడ్లున్నాయి. కిందటి ఏడు లాభం కుంచంలోవి, ప్రయాణంలో మేలు జరుగుతుందని అలివేణి ఎప్పుడో కట్టిన ముడి అది. రుద్రోజుకు చెప్పడం మరిచాడు.

కాపలావాడు ఈటె సవరించాడు. కేదారుడు దర్జాగా ఆవులించి, ఆ చేత్తోనే ముడి లాగి, వడ్లు పొట్టుతో సహా నోట్లో వేసుకుని పరపర నమిలాడు.

“ఏమిటి దొరా అది?”

“మా ద్వీపంలో వక్కపొడి,” అన్నాడు నోరంతా గీసుకుపోతుండగా. “కావాలా?”

కాపలావాడు తల అడ్డంగా ఊపాడు. కుక్క ఇంకా గుర్రుమంటూనే ఉంది గానీ పల్లకి కదిలిపోయింది. ఏడో ద్వారం దగ్గర తమలపాకుల కట్ట ఒక్క రూక. కట్టతో పాటు వక్కలు, పైన మెడలో మల్లెదండ.

టంకశాల లోపల పట్టపగలే మసక చీకటి. కొప్పెర కింద ఆకుపచ్చ మంట మండుతోంది గానీ సెగ లేదు. దగ్గరికి పోయేకొద్దీ చలి. కొప్పెరలోంచి పొగ స్తంభంలా లేచి, హోరుమంటూ పొగగొట్టంలోకి పోతోంది. ఆ పొగలో గవ్వలు కలిపినట్టు గలగలమని సన్నటి సద్దు. అది రూకలు పుట్టే చప్పుడు.

తామ్రాక్షుడు చిన్న మనిషి. గొంతు మెత్తన. వేళ్ళ కొసలు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. కళ్ళు మాత్రం కాల్చిన రాగి రంగు, రెప్ప వాల్చవు. ముత్యాల పెట్టెను ఓరకంటితో చూసి మూత వేయించాడు. అతనికి ముత్యాల మీద పెద్ద ఆసక్తి ఉన్నట్టు లేదు.

“మకరదత్తా, మీ ద్వీపానికి మా రూకలు కావాలన్న మాట విని చాలా సంతోషించాను. అడుగుతున్నందుకు ఏమీ అనుకోకు. మీ ద్వీపంలో జనం ఎంత?”

“ఆరు లక్షలు.”

“మనిషి సగటున ఎంత తూగుతాడు?”

“ఐదు మణుగులు ఉండొచ్చు.”

“ముప్ఫై లక్షల మణుగులు,” అన్నాడు తామ్రాక్షుడు, తీపి తిన్నవాడిలా. “మంచి దేశం. ఈ దేశం దాదాపు అయిపోయింది. కొలుచుకో. ఎంత కావాలంటే అంత తీసుకుపో. మీ వాళ్ళందరికీ పంచు.”

భటులు గొలుసులు విప్పి ధర్మకుంచం తెచ్చి ఇచ్చారు. నల్లగా, నున్నగా, అంచు అరిగి ఉంది. తరతరాల కొలగాళ్ళ చేతులు అరగదీసిన అంచు. కేదారుడి బొటనవేలు దాని మీద సరిగ్గా అమరింది. తండ్రి పక్కన కళ్లంలో మోకాళ్ళ మీద కూర్చున్న మొదటి రోజు గుర్తొచ్చింది. చుట్టూ చెంగులు పట్టిన ఆడవాళ్ళు, వాళ్ళలో పరాచికానికి చిన్న కొంగు చాచి నిలబడ్డ నాలుగేళ్ళ అలివేణి. మెట్లెక్కి కొప్పెర అంచు చేరాడు. లోపల సముద్రంలా రూకలు. తల్లి రూక ఎక్కడో అడుగున ఉంది. ముందు పైవి తోడేస్తే గానీ అందదు. ఒకటి, ఒకటి, ఒకటి అని మనసులో వల్లించుకుంటూ వంగి, కుంచం ముంచి, నిండుగా తీసి, అంగీ చేతితో పైన తుడిచి అంచుకు సమం చేశాడు.

ఇరవై ఏళ్ళ అలవాటు నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

“లాభం!”

కుంచంలోని రూకలు ఒక్కసారి చిటచిటలాడాయి. చూస్తుండగానే వాటి మెరుపు పోయి తాలు పొట్టులా మిగిలాయి. ఆ వెంటనే టంకశాల కప్పు మీద ధబ్బుమని ఏదో పడింది. మరొకటి. మరొకటి. వడగళ్ళ వానలా వరసగా వంద దాకా పడ్డాయి, దూలాల్లోంచి దుమ్ము రాలింది. పైనుంచి సన్నగా మూలుగులు వినబడ్డాయి. అది ఏమిటో కేదారుడికి అర్థం కాలేదు.

తామ్రాక్షుడికి అర్థమైంది. అతని ముఖం మొదటిసారి పాలిపోయింది.

“ద్వీపాల వర్తకుడు ఒకటి అంటాడు,” అన్నాడు మెల్లగా. “లాభం అనేవాడు ఈ మట్టిలో పుట్టినవాడు. కొలగాడివి నువ్వు! పట్టుకోండి!”

రాగి కుక్కలు ఒక్క గంతులో మెట్లెక్కాయి. మొదటిదాని నెత్తిన కేదారుడు ధర్మకుంచంతో మొత్తాడు. ఖంగుమని తల సొట్టబోయి అది కింది భటుల మీద పడింది. రెండోది అంగీ పట్టుకుంది. అంగీ విడిచిపెట్టి అతను కొప్పెర అంచు మీదికి ఎగిరి నిలబడ్డాడు. ఈటెలు చెవుల పక్కనుంచి పోయాయి. మరో కుంచం ముంచుదామని వంగాడు.

“ఆగు నాయనా,” అంది తామ్రాక్షుడి మెత్తటి గొంతు. “ఇన్నేళ్ళూ గింజలు తిని బరువెక్కావు. నాకు ఒక కుంచం కొలిచి పెట్టావు. కూలి పుచ్చుకోకుండా పోతే ఎలా?”

అతని పచ్చటి వేళ్ళలోంచి అప్పుడే పుట్టిన రూక గిరగిర తిరుగుతూ వచ్చింది. తప్పించుకునేలోగా అది కేదారుడి ఎడమ అరచేతిలో పడి జలగలా అతుక్కుంది. జీవితంలో అతను ముట్టిన మొదటి రూక అది. విదిలించినా ఊడలేదు. ముందు పాదాల్లోంచి, తర్వాత మోకాళ్ళలోంచి, నడుములోంచి ఏదో ఇంకిపోతున్నట్టు అనిపించింది. కొప్పెర అంచు కాళ్ళ కింద లేదు. పొగ అతన్ని గడ్డిపోచలా ఎత్తుకుని పొగగొట్టంలోకి లాగేసింది. కుడిచేత్తో కుంచాన్ని మాత్రం వదల్లేదు.

“కుంచం! కుంచం పోనివ్వకండి!” అన్న తామ్రాక్షుడి కేక కిందెక్కడో లీలగా వినబడింది.

మసి, హోరు, ఊపిరాడని చీకటి. ఆ తర్వాత ఒక్కసారి వెలుతురు.

పొగగొట్టం దాటాక పొగ పలచబడింది. కేదారుడు నగరం పైన గాలిలో ఆగాడు. కుడిచేతిలోని ధర్మకుంచం కిందికి గుంజుతోంది, ఎడమచేతిలోని కూలి రూక పైకి గుంజుతోంది. రెండూ సరిసమానమై అతన్ని నడిమధ్యన వేలాడదీశాయి. కింద టంకశాల కప్పు మీద వంద మంది దాకా మనుషులు, ఆడా మగా, పడినచోటే లేచి కూర్చుని తమ కాళ్ళు తామే తడుముకుంటున్నారు. ఎక్కణ్ణుంచి పడ్డారు వీళ్ళు?

అప్పుడతను తలెత్తి చూశాడు.

మూడేళ్ళుగా చిత్రకవాటానికి నీడ ఇస్తున్న మబ్బు మనుషులది. వేలు, లక్షలు. బూడిదరంగుకు మాసిన చీరలు, పంచెలు, తలపాగాలు. ఒకరి భుజం మీద ఒకరి తల, ఒకరి జుట్టులో ఒకరి చెయ్యి, పొరలు పొరలుగా, కనుచూపు మేర. చాకళ్ళు, మోతగాళ్ళు, నేతవాళ్ళు, ఒడిలో పసిపిల్లలతో తల్లులు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఎవరికీ నోరెత్తే ఓపిక లేదు. అందరి కొంగుల్లోనూ రూకల ముడులు అలాగే ఉన్నాయి. కిందినుంచి మేడల ఊయలల కిర్రుమన్న చప్పుడు, ఎవరో పాడుతున్న జోలపాట వినబడుతున్నాయి.

కేదారుడికి ఏడుపు ఆగలేదు. ఆకాశం దద్దరిల్లేలా “అలివేణీ!” అని అరిచాడు.

మబ్బు అడుగు పొరలో ఒక చెయ్యి కదిలింది. నేతపనికి కాయలు కాచిన వేళ్ళు మబ్బు అంచు పట్టుకుని ఈదుకుంటూ వచ్చాయి. పది రోజుల్లో ఎంత చిక్కిపోయింది! అవతలి ఆకాశం ఆమె చెంపల్లోంచి కనబడుతోంది.

“అన్నా! నువ్వు కూడానా? నీకు రూకలెవరు ఇచ్చారన్నా?” అని బావురుమంది.

“అదంతా తర్వాత. ఇది పట్టుకో.”

ఆమె కుంచం అంచు పట్టుకుంది. ఇద్దరూ కదల్లేదు. పైకీ పోలేదు, కిందికీ రాలేదు. కేదారుడు తన ఎడమచేతిని చూసుకున్నాడు. ఆ రూక అతనితో ఉన్నంతవరకూ కుంచం ఎవరినీ దించలేదు. అలివేణి కొంగుముడిలో ఉన్నవి తాలు రూకలే, చేతికి అతుక్కుని పైకి గుంజే అలాంటి రూక లేదు. కుంచం ఒక్కటే ఆమెను దించుతుంది. తను వదిలేస్తే ఎక్కడికి పోతాడో తెలియదు. మబ్బులో కలుస్తాడో, దాన్ని దాటి పోతాడో.

“నేను ఒక్క కుంచం కొలిచి లాభం అన్నాను. వంద మంది దిగారు. చూడు, ఆ కప్పు మీద. వాడి మంత్రం ఆ మాట ముందు నిలవదు. నీకు కొలవడం వచ్చుగా?”

“నాన్న పక్కన కూర్చుని నేర్చుకోలేదూ! నీకన్నా బాగా వచ్చు.” అంత ఏడుపులోనూ ఆ మాట అనకుండా ఉండలేకపోయింది. అంతలోనే అర్థమై కళ్ళు పెద్దవి చేసింది. “వద్దన్నా. ఇద్దరం పోదాం. నిన్ను వదిలి పోను.”

కింద టంకశాల కప్పు మీద పొగగొట్టానికి ఇరువైపులా రాగి తలుపులు గరగరమంటూ మూసుకోసాగాయి. మెట్ల దారిలో రాగి కుక్కల మొరుగు వినబడుతోంది.

కేదారుడు చెల్లెలి రెండు చేతులూ కుంచానికి గట్టిగా చుట్టాడు. “విను. ఎన్ని కుంచాలు కొలిచినా లాభమే అను. రెండు అన్న మాట నోట రానివ్వకు. ఎంతమంది కత్తులు పట్టుకొచ్చినా సరే, రెండు అనకు.”

అతను వేళ్ళు విప్పాడు.

అలివేణి రాయిలా కిందికి జారింది. కప్పు మీది జనం లేచి చేతులు చాచి ఆమెను పట్టుకున్నారు. ఎవరో తలపాగా విప్పారు, ఎవరో దానికి తమ పంచె ముడివేశారు. కుంచాన్ని గుండెలకు హత్తుకున్న చిన్న ఆకారం ఆ ముడుల తాడు పట్టుకుని పొగగొట్టంలోకి దిగింది. ఆమె తల కనుమరుగైన మరుక్షణం రాగి తలుపులు ధణేలున మూసుకున్నాయి. తెగిన తాడు కొస జనం చేతుల్లో మిగిలింది.

కేదారుడు మబ్బులోకి దూసుకుపోయాడు. చల్లటి భుజాలు, మోచేతులు అతనికి తగులుతున్నాయి. చేయి చాచి ఒక ముసలమ్మ భుజం పట్టుకుని ఆగాడు. కిందినుంచి ఏ చప్పుడూ లేదు. కుక్కల మొరుగు కూడా ఆగిపోయింది. మేడల్లో జోలపాట ఆగిపోయింది. అతను మూసుకుపోయిన పొగగొట్టం వైపే చూస్తున్నాడు.

“ఎవరి కోసం చూస్తున్నావు బాబూ?” అంది ముసలమ్మ, ఊపిరంత గొంతుతో.

అతను జవాబు చెప్పబోయాడు. అంతలో అతని చేతిలోని ముసలమ్మ భుజం బరువెక్కింది. వేళ్ళు జారాయి. ఆమె ఉలిక్కిపడి చూస్తుండగానే మూరెడు కిందికి దిగింది, ఆ తర్వాత బారెడు. ఆమె పక్కనున్న తల్లీబిడ్డా దిగసాగారు. కింద అలివేణి కొలుస్తోంది.

పట్టు తప్పిన కేదారుడు, అరచేతికి అతుక్కున్న రూకతో, ఇంకా పైకే పోతున్నాడు.